బడి గ్రూపులో ఏం జరుగుతోంది?

మా వదిన ఆదోని వైపు ఒక పల్లెలో, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు). మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆమె ఫోనులో బడికి సంబంధించిన వాట్సాప్ గ్రూపులు ఎన్ని ఉన్నాయో ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. పద్నాలుగు తేలాయి. తరగతి తల్లిదండ్రులది ఒకటి, స్టాఫుది ఒకటి, స్కూల్ కాంప్లెక్సుది, మండలానిది, మధ్యాహ్న భోజనం లెక్కలకొకటి, ట్రైనింగు బ్యాచ్‌ది, సంఘానివి రెండు... మిగతావి ఎందుకు పుట్టాయో ఆమెకే గుర్తులేదు. "మ్యూట్‌లో పెట్టి మర్చిపోయినవి ఇంకా ఉంటాయి" అంది.

తర్వాత, "ఇవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు" అంటూ ఒక వాయిస్ మెసేజ్ వినిపించింది. మూడో తరగతి పాప తెలుగు వాచకంలోని ఒక పేజీ చదువుతోంది. ఒత్తుల దగ్గర ఆగుతోంది, కూడబలుక్కుంటోంది, తప్పు పోయిన చోట మళ్లీ మొదటికొస్తోంది. ఆ చదువు ఎవరి కోసమంటే, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోయిన వాళ్లమ్మ కోసం. ఆదోని వైపు పడమటి మండలాల నుంచి ఏటా కోతల కాలంలో కుటుంబాలు కదిలిపోతాయి. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వ దగ్గర వదిలిపోతారు. ఈ తల్లికి అక్షరం ముక్క రాదు. ప్రోగ్రెస్ కార్డు ఇన్నేళ్లూ ఆమెకు వేలిముద్ర వేసే కాగితం, అంతే. ఈ ఒకటిన్నర నిమిషం మాత్రం రాత్రి వంటలయ్యాక నలుగురినీ పిలిచి వినిపించిందట. తిరుగు జవాబు కూడా గొంతుతోనే వచ్చింది: "ఇంగోటి చదివిచ్చి పంపు టీచరమ్మా."

సోషల్ మీడియా వల్ల బడికి లాభమా నష్టమా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. "సెల్‌ఫోన్ – వరమా, శాపమా?" అని వక్తృత్వ పోటీ పెట్టని హైస్కూలు రెండు రాష్ట్రాల్లో వెతికినా దొరకదు. అలాంటి పోటీలకు జడ్జిగా నాలుగైదుసార్లు కూర్చున్నాను. "నాణేనికి రెండు వైపులు" అన్న మాట వినపడగానే మార్కుల కాగితం మీద బొమ్మలు గీసుకునే స్థితికి వచ్చాను. పిల్లల తప్పేమీ లేదు, ప్రశ్న అడిగే తీరే అలా ఉంది. ఎవరికి లాభం, ఏ పనిలో, ఏ మాధ్యమంతో అని విడదీస్తే తప్ప దీనికి జవాబు రాదు. విడదీసి చూస్తే నాకు తోచింది ఇది: సోషల్ మీడియా బడికి చేసిన మేలు పాఠంలో కొంచెమే. పాఠం చుట్టూ ఉన్న మనుషులను, అంటే తల్లిని, తోటి టీచరును, ఎప్పుడో చదివి వెళ్లిపోయినవాళ్లను కలపడంలో చేసిన మేలు చాలా ఎక్కువ.

పాఠంతోనే మొదలుపెడదాం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యేదాకా పల్లె బడికి ఇంటర్నెట్‌తో పెద్దగా పనిలేదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక మరో దారి లేకపోయింది. తెలంగాణలో ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. పాఠం టీవీలో వస్తే వర్క్‌షీటూ, సందేహమూ, "చూశారా లేదా" అన్న హాజరూ వాట్సాప్‌లో నడిచాయి. ఆ నెలలోనే ప్రథమ్ సంస్థ 'అసర్' సర్వే ఫోను మీద జరిగింది. దేశంలోని పల్లెల్లో, బడిలో చేరిన పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020కి 61.8 శాతం. రెండేళ్లలో ఇంత పెరుగుదలా అని అందరం ఆశ్చర్యపోయాం. కానీ సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదో ఒక అభ్యాస సామగ్రి అందిన పిల్లలు మూడింట ఒక వంతు చిల్లర మాత్రమే. అందినవాళ్లలో ఎక్కువమందికి చేర్చింది వాట్సాప్. ఫోను ఇంట్లో ఉండటం వేరు, అది పిల్ల చేతిలో పాఠం కావడం వేరు. నాన్న పొద్దున పనికి పోతే ఫోనూ పనికి పోతుంది. పాఠం రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేది, అప్పటికి బ్యాటరీ ఎర్రగా ఉండేది.

ఈ విషయంలో అందరూ చదవాల్సిన అధ్యయనం బోత్స్వానాలో జరిగింది. బడులు మూసిన రోజుల్లో సుమారు 4,500 కుటుంబాలను తీసుకుని, కొందరికి వారం వారం ఎస్సెమ్మెస్‌లో లెక్కలు పంపారు. మరికొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు ఇరవై నిమిషాల ఫోను కాల్ కూడా చేశారు. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. ఉత్త మెసేజ్ అందిన పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫోనులో మనిషి గొంతు విన్న పిల్లలు మాత్రం లెక్కల్లో ముందుకెళ్లారు. తర్వాత ఇదే పద్ధతిని మన దేశంతో సహా ఐదు దేశాల్లో పరీక్షిస్తే అక్కడా ఫలించింది. ప్రభుత్వ టీచర్లు చేసినా, స్వచ్ఛంద సంస్థలవాళ్లు చేసినా ఒకేలా ఫలించింది. గ్రూపులో పీడీఎఫ్ పడేసి చేతులు దులుపుకునే పద్ధతికి ఇంతకన్నా సూటి జవాబు ఏం కావాలి? చిలీలో మరో ప్రయోగం. పిల్లల హాజరు, ప్రవర్తన, లెక్కల మార్కులు తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా మెసేజ్ చేశారు. హాజరూ పెరిగింది, మార్కులూ పెరిగాయి. ఇక్కడ ఉత్త మెసేజే పనిచేసింది కదా అని మీరు అడగొచ్చు. తేడా అందులోని సరుకుది. ఒకటి "ఈ లెక్క చేయించండి" అని తల్లికి బరువు పంపింది, రెండోది "మీవాడు మంగళవారం రాలేదు" అని కబురు పంపింది. పాఠం చెప్పడం తల్లి వల్ల కాకపోవచ్చు, మంగళవారం ఎక్కడికి పోయావురా అని అడగడం ఏ తల్లికైనా వచ్చు.

యూట్యూబ్‌ను సోషల్ మీడియాలో కలపాలా వద్దా అన్న చర్చ నాకు పట్టదు. తెలుగు మీడియం పిల్లలకు అక్కడ మేలు జరిగిన మాట నిజం. రక్తప్రసరణ, సూర్యగ్రహణం, కటకాల్లో కిరణాలు వంగే తీరు నల్లబల్ల మీద కన్నా కదిలే బొమ్మలో బాగా అర్థమవుతాయి. మన యాసలో పాఠం చెప్పే టీచర్ల చానెళ్లకు కొదవ లేదు. ప్రభుత్వం 2017 సెప్టెంబరు 5న తెచ్చిన 'దీక్షా' వేదికలోనూ బోలెడు సామగ్రి ఉంది. ఐతే చాలామంది టీచర్లు అందులోని వీడియోను దించి వాట్సాప్‌లో పంచుతారు, ఎందుకంటే తల్లిదండ్రులు ఉన్నది అక్కడే. జనం ఎక్కడ కూర్చుంటే అదే రచ్చబండ.

టీచర్లకు దొరికిన లాభం గురించి మన దగ్గర రాసింది తక్కువ. ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే మనిషిని ఊహించండి. గూడెంలోనో తండాలోనో ఐదు తరగతులకూ ఒక్కరే. పక్కన అడగడానికి ఇంకో టీచరు ఉండరు. నెలకోసారి కాంప్లెక్స్ సమావేశంలో కలిసినా, ఆ పూట కాస్తా ఫార్మాట్లు నింపడానికే సరిపోతుంది. అలాంటి ఒకామె మా వదిన వాళ్ల గణితం గ్రూపులో అడిగిన ప్రశ్న చూశాను: "పదుల నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత పిల్లలకు ఎక్కడం లేదు, మీరెలా చెబుతున్నారు?" అరగంటలో ఏడు జవాబులు. ఒకరు రబ్బరు బ్యాండు వేసిన చీపురుపుల్లల కట్టల ఫొటో పెట్టారు: కట్ట విప్పితేనే పుల్ల దొరుకుతుంది, అప్పంటే అదే. ఇంకొకరు పది రూపాయల నోటు చిల్లర మార్చే ఆట రాశారు. మర్నాడు ఆ టీచరు తన తరగతిలో విప్పిన పుల్లల ఫొటో పెట్టింది. జీవో రాలేదు, టీఏ బిల్లు లేదు, సర్టిఫికెట్ లేదు. వృత్తిలో ఉన్నవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడమంటే నాకు తెలిసి ఇదే.

అదే ఫోనులో పై నుంచి వచ్చే గ్రూపులూ ఉన్నాయి. వాటి గొంతు వేరు. "ఈ రోజు సాయంత్రం 5 గంటల లోపు, అత్యవసరం." ఏ సమాచారమైనా అత్యవసరమే, ఏదైనా ఎక్సెల్ షీటే. ఆంధ్రలో హాజరు, భోజనం, మరుగుదొడ్ల శుభ్రత అన్నింటికీ ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాల్సి వచ్చిన రోజుల్లో టీచర్లు రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. పాఠం మధ్యలో ఫోను తీసేది పిల్లలు కాదు, మేమే అన్నది మా వదిన. పద్నాలుగు గ్రూపుల్లో ఆమెకు పనికొచ్చేవి మూడు. ఆ మూడింటికోసం మిగతా పదకొండూ భరిస్తోంది.

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన విషయం. పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం అనే ఫ్లెక్సీ కనపడని ఆదివారం ఈ మధ్య మన ఊళ్లలో లేదు. పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో పదో తరగతి బ్యాచ్ అంతా ఒకచోట చేరడం, రిటైరైన మాస్టర్లకు శాలువాలు కప్పడం, ప్రార్థన గీతం పాడి కళ్లు తుడుచుకోవడం... వెటకారం చేయాలంటే చాలా సరుకుంది. కానీ ఈ ఆచారం సోషల్ మీడియా కడుపున పుట్టింది. అంతకుముందు నలభై మందిని వెతకాలంటే ఎవరి తరం? మా 1994 బ్యాచ్‌లో మేం 52 మందిమి. ఫేస్‌బుక్‌లో ఒకడు దొరికాడు, వాడి ద్వారా ముగ్గురు, అలా నలభై ఒక్కరం తేలాం. మగవాళ్లు నెల రోజుల్లో దొరికారు. ఆడపిల్లల ఆచూకీకి ఏడాది పట్టింది. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ప్రొఫైల్లో ఫొటో బదులు దేవుడి బొమ్మో కొడుకు బొమ్మో ఉంది. అన్నదమ్ముల నంబర్లు పట్టుకుని, వాళ్లకు నమ్మకం కుదిరాకే ఒక్కొక్కరే గ్రూపులోకి వచ్చారు.

బడికి ఏదైనా చేద్దాం అనుకున్నాం. చందాలు పడ్డాయి. డల్లాస్ నుంచి ఒకడు, దుబాయ్ నుంచి ఒకడు అందరికన్నా ముందు వేశారు. ఏం కట్టాలన్న దగ్గర మూడు రోజులు గొడవ. ఎక్కువమందిది ఒకే మాట: గేటుకు ఆర్చి కట్టి, బ్యాచ్ పేరు చెక్కిద్దాం. ఆర్చి గెలిచేసేదే. మూడో రాత్రి, గ్రూపులో చేరినప్పటి నుంచి దండం బొమ్మ తప్ప ఇంకేమీ పెట్టని ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది. "మనం చదివేటప్పుడు నేను పొద్దున ఇంట్లో తాగిన నీళ్లే, మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చేదాకా గుక్కెడు తాగేదాన్ని కాదు. ఎందుకో మీకెవరికీ తెలీదు." అంతే. ఇరవై సెకన్లు కూడా లేదు. దాని కింద చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. ఆడపిల్లలకు నీళ్ల వసతితో మరుగుదొడ్లు కట్టించాం. ఆర్చి ఊసు మళ్లీ రాలేదు. ఊళ్లో మీటింగు పెట్టి ఉంటే ఆవిడ వచ్చేదే కాదు, వచ్చినా వెనక బెంచీలో కూర్చుని వెళ్లిపోయేది.

ఆంధ్రలో 2019లో మొదలైన 'మన బడి నాడు-నేడు', తెలంగాణలో 2022లో వచ్చిన 'మన ఊరు-మన బడి' లాంటివి ప్రభుత్వ ఖజానాతో నడిచిన పనులు. వాటితో ఈ చందాలకు పోలిక లేదు. కానీ బడికి తన పాత పిల్లలు మళ్లీ దొరకడం ఏ బడ్జెట్ పద్దులోనూ దొరకని ఆస్తి.

ఇక ప్రదర్శన. కాకినాడ జిల్లా బెండపూడి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు అమెరికన్ యాసలో గడగడా ఇంగ్లీషు మాట్లాడుతున్న వీడియోలు 2022లో ఊరూరా తిరిగాయి. మే నెలలో ముఖ్యమంత్రే వాళ్లను పిలిపించుకుని మాట్లాడారు. సర్కారు బడి అంటే మూతి విరిచేవాళ్లకు ఆ వీడియో ఒక మొట్టికాయ. ఆ తర్వాత జూన్‌లో బడిబాటకు బయల్దేరే టీచర్ల చేతిలో కరపత్రంతో పాటు రీల్ కూడా వచ్చి చేరింది. కార్పొరేట్ స్కూళ్లు హోర్డింగుల మీద కోట్లు గుమ్మరించే ఊళ్లో, పైసా ఖర్చు లేకుండా "మా బడి ఇదిగో" అని చూపించుకునే వీలు చిన్న లాభం కాదు. ఐతే అదే పిల్లల యాస మీద వెటకారాలు, ట్రోలింగులూ వచ్చాయి. పద్నాలుగేళ్ల పిల్ల బడి కోసం మాట్లాడింది, తిట్లు మాత్రం తన పేరున పడ్డాయి. రీల్ తీసే ముందు పిల్లనీ తల్లినీ అడిగే బడులు నేను చూసినవి వేళ్ల మీద లెక్క.

మా ఇంట్లోనే జరిగింది ఒకటి చెబుతాను. మా అబ్బాయి ఎనిమిదిలో ఉండగా వాళ్ల బడివాళ్లు యూనిట్ టెస్టు మార్కుల జాబితాను, పై నుంచి కిందికి ర్యాంకులతో, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. చివరి పేరు మావాడిది కాదు, వాడి స్నేహితుడిది. మర్నాడు ఆ పిల్లాడు బడికి రాలేదు. వాళ్లమ్మ గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు బూడిదరంగు అక్షరాల్లో ఒక గీత మిగిలింది. ఆ గీత కిందే ఎవరో గుడ్ మార్నింగ్ గులాబీ పెట్టారు. నోటీసు బోర్డు మీద అంటించినా అవమానమే, కానీ నోటీసు బోర్డు బడి దాటి బాబాయి ఫోనులోకి వెళ్లేది కాదు.

చట్టం ఈ వైపు ఇప్పుడిప్పుడే చూస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలి. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసి 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లకు ప్రధాన సోషల్ మీడియా ఖాతాలనే మూసేసింది. ఖాతా తెరవడానికి 13 ఏళ్లు నిండాలని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ నియమాలే చెబుతున్నాయి. కాబట్టి ఐదో తరగతి పిల్లలతో గ్రూపు పెట్టే బడి ఏ లాభం చూపించినా అది మొదటి మెట్టులోనే తప్పటడుగు. తల్లిదండ్రుల గ్రూపు వేరు, పిల్లల గ్రూపు వేరు. ఈ వ్యాసంలో గ్రూపుల మేలు అని నేను చెప్పినవన్నీ పెద్దవాళ్ల గ్రూపుల్లో జరిగినవే.

పిల్లల చేతిలో ఏం జరుగుతోందో 2024 అసర్ చెప్పింది. 14–16 ఏళ్లవారిలో 82.2 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాడటం వచ్చినవాళ్లలో అంతకుముందు వారంలో చదువు పనికి వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూశామన్నవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడం, ఫిర్యాదు చేయడం తెలిసినవాళ్లు 62 శాతం. 57 చూసి సంతోషించాలా, 76 చూసి భయపడాలా అన్నది ఎవరి స్వభావాన్ని బట్టి వాళ్లది. నాకు కలవరం కలిగించేది ఆ 62: మిగతా 38 మంది తాళం వేయడం రాకుండానే ఇల్లు తెరిచి కూర్చున్నారు. తరగతి గదిలోపల ఫోను సంగతి ఇంకా స్పష్టం. 2022 పీసా పరీక్షల్లో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) దేశాల విద్యార్థుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది, గణితం పీరియడ్లలో కొన్నింటిలోనైనా పరికరాల వల్ల తమ దృష్టి చెదురుతోందని ఒప్పుకున్నారు.

బడి కబుర్లకు ప్రభుత్వమే నేరుగా వాట్సాప్ దారి పట్టిన ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవలు. ఆ ఏడాది ఇంటర్, పదో తరగతి హాల్‌టికెట్లు, ఆపైన ఫలితాలు వాట్సాప్‌లోనూ వచ్చాయి. చూడటానికి చిన్న సదుపాయం. కానీ ఫీజు బాకీ ఉందని పరీక్ష ముందురోజు దాకా హాల్‌టికెట్ ఆపి పిల్లను ఏడిపించే యాజమాన్యాల సంగతి తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. కాగితం నేరుగా పిల్ల ఫోనుకే వస్తే దాన్ని అడ్డుపెట్టి బేరమాడటం కుదరదు.

కబుర్లు చేరవేయడంలో వేగం ఉంది, ఆ వేగానికి విశ్వసనీయత లేదు. 2025 అక్టోబరులో మొంథా తుపాను ముంచుకొచ్చినప్పుడు కోస్తాలో సెలవుల కబురు గ్రూపుల్లోనే క్షణాల్లో అందింది. వానాకాలంలో నకిలీ సెలవు ఉత్తర్వులు వచ్చేదీ ఆ గ్రూపుల్లోనే, కలెక్టరు సంతకంతో సహా. పైగా ఈ యాపుల్లో మనం అద్దె ఇంట్లో ఉన్నామన్న సంగతి మర్చిపోకూడదు. బడుల కోసమే 2008లో పుట్టి, ప్రపంచమంతా కోట్లమంది వాడిన ఎడ్మోడో 2022 సెప్టెంబరులో దుకాణం కట్టేసింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఆరు గంటల పాటు మూగబోయాయి. మనకు అది రాత్రి పూట కాబట్టి బతికిపోయాం. హాజరు పట్టీ నుంచి అనుమతి పత్రం దాకా ఒకే కంపెనీ ఫోను యాప్‌లో ఉంచిన బడి ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది.

మా వదిన తరగతిలో 31 మంది పిల్లలు. తల్లిదండ్రుల గ్రూపులో 25 ఇళ్లు ఉన్నాయి. మిగతా ఆరు ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ లేదు. ఒకరింట్లో ఉండేదట, రీఛార్జి చేయించలేక అమ్మేశారు. హాజరు రిజిస్టరు అట్ట లోపల ఆ ఆరుగురి పేర్లతో ఒక చీటీ అంటించి ఉంది. ఏదైనా కబురు గ్రూపులో పెట్టిన రోజు, సాయంత్రం గంట కొట్టాక ఆమె ఆ చీటీ చూస్తుంది. ఎవరి ఇంటి పక్కన ఎవరుంటారో ఆమెకు తెలుసు. "ఒరే, పోయేటప్పుడు మీ పక్కింటి అవ్వకు చెప్పు, శనివారం మీటింగని" అని పిల్లలకు అప్పగిస్తుంది. పొద్దున వాళ్లు వచ్చి చెప్పామన్నాక, ఆ పేర్ల పక్కన పెన్సిలుతో రెండు టిక్కులు పెడుతుంది.